కథ తొందర పెడుతుంది, ఆట ఆగమంటుంది

2015లో వచ్చిన ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ అనే వీడియో గేమ్‌లో గెరాల్ట్ అనే వేటగాడు, కూతురిలా పెంచుకున్న సిరి కోసం వెతుకుతూ ఉంటాడు. సిరి వెనక వైల్డ్ హంట్ అనే దండు తరుముకొస్తూ ఉంటుంది. ఒక్క పూట ఆలస్యమైనా ఆ పిల్ల వాళ్ల చేతికి చిక్కుతుందేమో అన్నట్టు కథ నడుస్తుంది. అయితే దారి పొడుగునా ఇంకెన్నో పనులు ఎదురవుతాయి. ఒక ముసలమ్మకు పెనం కావాలి, తెచ్చిపెట్టాలి. పాడుబడ్డ ఊళ్లో బావి దగ్గర దెయ్యం తిరుగుతోంది, వదిలించాలి. సత్రంలో అడుగుపెడితే గ్వెంట్ అనే పేకాటకు ఎవరో ఒకరు దొరుకుతారు.

తిరుపతిలో ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు ఆదివారాలు హాస్టల్ నుంచి మా ఇంటికొచ్చి ఈ ఆట ఆడుతుంటాడు. గ్వెంట్ ముక్కలు పోగేసుకోవడంలో మునిగిపోయినవాడు ఒకరోజు ఉన్నట్టుండి ఆపేసి నా వైపు తిరిగాడు.

“మామా, బిడ్డ కనపడక అల్లాడిపోవాల్సినోడు ఈడ కూసోని పేకాట ఆడతా ఉండాడే, ఈయనకి బాధ లేదా?”

“ఆడిస్తా ఉండేది నువ్వే కదరా.”

“నేను ఆడిస్తే మాత్రం? ఆట ఎందుకు ఆడనిస్తా ఉండాది?”

మనం ఒక పాత్రగా మారి, బలం పెంచుకుంటూ కథ నడిపే రోల్ ప్లేయింగ్ గేములు, అంటే ఆర్పీజీలు తయారుచేసేవాళ్లకు దశాబ్దాలుగా కొరుకుడుపడని చిక్కు అదే. ఆడేవాళ్లు దాన్నే ఇంకోలా అడుగుతారు: అసలు కథను నడిపే మెయిన్ మిషన్ ముందా, దారిలో ఎదురయ్యే పక్క పనులు, అంటే సైడ్ క్వెస్టులు ముందా? ఏది ఎంత చేయాలి? ఒక మెయిన్‌కు రెండు సైడ్లు అని కొందరు లెక్క చెబుతారు. మ్యాప్ మీద గుర్తులన్నీ తుడిచేశాకే కథ జోలికి పొమ్మని ఇంకొందరు అంటారు. నా ఉద్దేశంలో ఈ ముడి గంటల లెక్కతో వీడదు. మనకు ఎంత టైముందని కథ చెబుతోంది, ఆట నిజంగా ఎంత టైమిస్తోంది అని చూడాలి. ఈ రెండూ కలిస్తే ఎన్ని సైడ్ క్వెస్టులున్నా బరువనిపించవు. కలవకపోతే పదున్నా కాళ్లకు అడ్డం పడతాయి. లెవెళ్లు, బహుమతులు, మ్యాప్ నిండా ప్రశ్నార్థకాలు, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఉత్తుత్తి తొందర

1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ చివరి అంకంలో ఆకాశంలో పెద్ద ఉల్క వేలాడుతూ ఉంటుంది. అది పడితే లోకం బూడిదే. అప్పుడు ఆటగాళ్లు చేసే పనేమిటంటే, చొకోబో అనే పక్షుల్ని పట్టి, పందేల్లో పరిగెత్తించి, జతకట్టించి, చివరికి బంగారు చొకోబోను పుట్టించడం. ఆ పక్షి ఎక్కితే ఒక దీవికి పోవచ్చు. ఆటలోకెల్లా బలమైన శక్తుల్లో ఒకటైన ‘నైట్స్ ఆఫ్ ది రౌండ్’ అక్కడ దొరుకుతుంది. పక్షులు పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు పెద్దవై మళ్లీ పిల్లల్ని పెట్టినా ఉల్క మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

2006 నాటి ‘ఆబ్లివియన్’లో క్వాచ్ అనే ఊరు తగలబడుతూ ఉంటుంది, వెంటనే పోయి ఒక మనిషిని కాపాడాలి. నెలల తరబడి ఆటలోని అడవులన్నీ తిరిగి వెళ్లినా ఆ ఊరు అలాగే మండుతూ ఉంటుంది, బతికి బయటపడ్డవాళ్లు ఊరి బయట అదే గుడారాల దగ్గర నిలబడి ఉంటారు. ‘ఫాల్అవుట్ 4’లో పసిబిడ్డను కళ్లముందే ఎత్తుకెళ్తారు. తల్లో తండ్రో అయిన మనం కాసేపటికే ఊళ్లు కట్టించడం, మంచాలు వేయించడం, నీళ్ల పంపులు బిగించడంలో పడతాం. ‘సైబర్‌పంక్ 2077’లో హీరో తలలోని చిప్ వారాల్లో ప్రాణం తీస్తుందని డాక్టరు చెబుతాడు. ఆ తర్వాత ఎంబర్స్ అనే చోట హనాకోను కలవాలన్న మిషన్ లిస్టులో పడి ఉంటుంది. మనం నగరంలో ఉన్న ప్రతి చిల్లర పనీ ముగించుకుని వచ్చేదాకా ఆమె ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఇన్ని మంచి ఆటలు ఒకే గుంటలో ఎందుకు పడుతున్నాయి? ఒక ఆర్పీజీలో రెండు రకాల పనివాళ్లు ఉంటారు. కథ రాసేవాళ్లకు తొందర కావాలి. తొందర లేకపోతే మొదటి అరగంటలో ఆటగాణ్ణి కట్టిపడేయడం కష్టం, అందుకే బిడ్డ పోతుంది, ఊరు కాలుతుంది, విషం ఎక్కుతుంది. లోకం కట్టేవాళ్లకు తీరిక కావాలి. ఏళ్ల తరబడి కష్టపడి పెట్టిన గుహలూ పల్లెలూ సంతలూ ఎవరైనా తిరిగి చూడాలి కదా. ఇద్దరూ తమ పని బాగానే చేస్తారు. రెండింటినీ కలిపి కుట్టేచోట మాత్రం కుట్టు ఊడిపోతుంది.

దీనివల్ల నష్టం రెండు వైపులా ఉంది. ఒకటి, తొందర అన్నమాట ఉత్తదేనని ఆటగాడు నాలుగైదు గంటల్లో కనిపెట్టేస్తాడు. ఇక ఎవరు ‘త్వరగా రా’ అన్నా వినడు, కథలోని పాత్రల బాధ వాడికి గోడ మీద రాతలా అయిపోతుంది. రెండోది దీనికి తిరగేసింది. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ మొదట్లోనే తలలో ఒక పురుగు దూరిందని, కొద్ది రోజుల్లో రాక్షసుడిగా మారిపోతామని చెబుతుంది. ఆ మాట నమ్మినవాళ్లు రాత్రిళ్లు పడుకోవడానికే జంకారు. ఆ ఆటలో తోటివాళ్ల కథలు చాలావరకు గుడారంలో రాత్రి విశ్రాంతి తీసుకున్నప్పుడే తెరుచుకుంటాయి. మాట విన్న పాపానికి మంచి కథలన్నీ చేజారాయి. అదే ఆటలో వాకీన్స్ రెస్ట్ అనే సత్రం మంటల్లో ఉంటుంది. దాన్ని చూశాక పడుకుని లేచి వెళ్తే లోపలివాళ్లు చచ్చిపోయి ఉంటారు. ఒక తొందర మాటవరసకు, ఇంకో తొందర నిజం. ఏది ఏదో ఆటగాడికి తెలిసే దారి లేదు. గొప్ప ఆటే, నాకు ఎంతో ఇష్టమైన ఆటే, అయినా ఈ ఒక్క విషయంలో అది ఆటగాడి నమ్మకంతో ఆడుకుంది.

భారతం మిట్ట మీద

ఈ కుట్టు ఊడకుండా పెద్ద కథను ఎలా నడపాలో చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్లు చూసే ఉంటారు. మా వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది. చాలాచోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. చివర దుర్యోధన వధ, అందుకోసం మిట్ట మీద మట్టితో భారీ దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడతారు. ఆ సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. మెయిన్ మిషన్ అంటే అదీ.

అందులో అర్జున తపస్సుకు ఒక రోజు ఉంటుంది. బాగా ఎత్తయిన మానును నాటి, దానికి మెట్లు కొడతారు. అర్జునుడి వేషం కట్టినాయన ఒక్కో మెట్టు దగ్గరా ఆగి పద్యం పాడుతూ పైకెక్కుతాడు. కింద పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో నేలమీద సాగిలపడి ఉంటారు. పైకి చేరాక ఆయన విసిరే నిమ్మకాయలకూ పండ్లకూ విభూదికీ కొంగులు పడతారు. పాశుపతం కోసం అర్జునుడొక్కడూ అన్నదమ్ముల్ని వదిలి తపస్సుకు పోవడం, ఆర్పీజీ భాషలో చెప్పాలంటే, అచ్చమైన సైడ్ క్వెస్టు. అయినా ఆ రోజు మిట్ట కింద నిలబడ్డ ఎవరికీ ‘యుద్ధం ఎప్పుడు మొదలవుతుంది’ అన్న విసుగు రాదు.

ఎందుకు రాదంటే, ఆ టైము కథే ఇచ్చింది. పన్నెండేళ్లు వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. అవి తీరకుండా యుద్ధం రాదు. పాండవులు ఎదురుచూడక తప్పదు. కాబట్టి తపస్సుకు పోవచ్చు, నలుడి కథ వినొచ్చు, సావిత్రి కథ వినొచ్చు. ఆ ఉపాఖ్యానాలు అరణ్యపర్వంలో ఉండటం ఊరికే జరగలేదు. యుద్ధం మొదలయ్యాక ఎవరైనా అంత తీరికగా నలుడి కథ ఎత్తుకుంటే వినేవాడికి కోపం వస్తుంది. పక్క పనిలో గెలిచింది పెద్ద పనికి పనికొస్తుంది కూడా, పాశుపతం అందుకే. ఇక మాను కింద కొంగు పట్టినవాళ్ల సంగతి నాకు అన్నిటికన్నా పెద్దదిగా అనిపిస్తుంది. వాళ్ల సొంత కోరిక ఆ పక్క కథలో ముడిపడి ఉంది. చూసేవాళ్లకు తమదంటూ ఏదో ఒకటి అందులో ఉన్నప్పుడు అది పక్క కథ అన్న ఆలోచనే రాదు.

ఇదే తెలివి కొన్ని ఆటల్లో ఉంది. 2000లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 2’లో ఇమోయెన్ అనే చెల్లెలి లాంటి పిల్లను మాంత్రికులు పట్టుకుపోతారు. ఆమెను చేరడానికి సాయం చేస్తామన్నవాళ్లు 20,000 బంగారు నాణేలు అడుగుతారు. మన దగ్గర అంత ఎక్కడిది? అత్కట్లా నగరంలో ఇంటింటి పనీ నెత్తికెత్తుకుని డబ్బు కూడబెట్టాలి. అంటే సైడ్ క్వెస్టులు చేయడమే అక్కడ మెయిన్ మిషన్. ఎవరి పని చేసినా ఇమోయెన్ కోసమే చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది. 2017 నాటి ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో హీరో వందేళ్లు నిద్రపోయి లేస్తాడు, అన్నాళ్లూ జెల్డా అనే యువరాణి ఒంటరిగా ఒక రాక్షసుణ్ణి కోటలో నిలువరిస్తూ ఉంది. వందేళ్లు ఆపినమ్మ ఇంకొన్నాళ్లు ఆపగలదు. మొదటి మిట్ట దిగగానే నేరుగా కోటకు పోవచ్చు, లేదంటే ముందు నాలుగు యంత్రమృగాలను విడిపించవచ్చు. విడిపిస్తే చివరి పోరు మొదట్లోనే రాక్షసుడి బలం సగానికి పడిపోతుంది. ‘స్కైరిమ్’ ఇంకో ఉపాయం చేసింది. మెయిన్ కథలో ‘డ్రాగన్ రైజింగ్’ అనే మిషన్ దాకా పోకపోతే దారిలో డ్రాగన్లే తిరగవు. లోకం ముంచుకొచ్చే ప్రమాదం మనం తలుపు తట్టేదాకా బయటే ఉంటుంది.

గడియారం నిజమైనప్పుడు

కథే తీరిక ఇవ్వడం ఒక దారి. రెండో దారి, తొందరను నిజం చేసేయడం. ఇది సాహసం. 1997లో వచ్చిన మొదటి ‘ఫాల్అవుట్’లో బంకర్‌కు నీళ్లిచ్చే చిప్ పాడైపోతుంది, 150 రోజుల్లో కొత్తది తేవాలి. తేకపోతే ఆట అయిపోయినట్టే. వర్తకులకు డబ్బిచ్చి బంకర్‌కు నీళ్ల బండ్లు పంపిస్తే ఇంకో 100 రోజులు దొరుకుతాయి, కానీ ఆ బండ్ల జాడ పట్టుకుని శత్రువులు బంకర్ ఆచూకీ త్వరగా తెలుసుకుంటారు. చేసిన ప్రతి పక్క ప్రయాణానికీ రోజులు ఖర్చవుతున్నాయని తెలిసి ఆడటంలో ఒక బిగువు ఉంటుంది. అయితే చిప్ దొరికాక కూడా ఇంకో గడువు పెట్టారు. తీరిగ్గా తిరగాలనుకున్న ఆటగాళ్లకు అది నచ్చలేదు, తర్వాత ఆటకు విడుదల చేసిన సవరణలో (ప్యాచ్‌లో) దాన్ని దాదాపు తీసేశారు. నిజమైన గడియారానికి అయ్యే ఖర్చు అదే. కొందరు ఆటగాళ్లు పోతారు.

2000 నాటి ‘మజోరాస్ మాస్క్’ను ఆర్పీజీ అనాలా వద్దా అన్న గొడవ పక్కన పెడితే, ఈ విషయంలో దాన్ని మించింది నేను చూడలేదు. మూడు రోజుల్లో చంద్రుడు ఊరి మీద పడిపోతాడు. ఆ మూడు రోజులు మన గడియారంలో గంటకు కాస్త తక్కువ. గడువు ముంచుకొచ్చినప్పుడు ఓకరీనా అనే ఊదే వాయిద్యం ఊది మళ్లీ మొదటి రోజుకు పోవచ్చు. కథకు అవసరమైన పెద్ద గుళ్లు నాలుగే. మిగిలినదంతా ఆ ఊరి మనుషులు. పోస్ట్‌మ్యాన్ ఏ పూట ఏ వీధిలో ఉంటాడో, సత్రం నడిపే పిల్ల ఎవరి కోసం దిగులుపడుతోందో అన్నిటికీ వేళలు ఉంటాయి. ఆ పిల్లను, ఆమె పెళ్లాడాల్సిన అబ్బాయినీ కలపాలంటే మూడు రోజులూ సరైన వేళకు సరైన చోట ఉండాలి. ఒక్కచోట తప్పినా మళ్లీ మొదటి నుంచే. ఇక్కడ సైడ్ క్వెస్టు మెయిన్ గడియారాన్ని పక్కన పెట్టదు, దాని మీదే నడుస్తుంది. చంద్రుడు పడబోతున్నాడు కాబట్టే ఆ పెళ్లికి అంత విలువ.

‘పర్సోనా 5’ ఇదే లెక్కను క్యాలెండర్‌గా మార్చింది. అందులో మనం రహస్యంగా దొంగతనాలు చేసే స్కూలు పిల్లల ముఠా. దొంగతనం ఫలానా తేదీలోగా ముగించాలి, అంతే. లోపలి పని గట్టిగా కూర్చుంటే ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది, మిగతా సాయంత్రాలన్నీ మనవి. మందులిచ్చే డాక్టరమ్మతో స్నేహం పెంచుకుంటే మంచి మందులు దొరుకుతాయి, తక్కువ ధరకూ దొరుకుతాయి, అవి మళ్లీ దొంగతనంలో అక్కరకొస్తాయి. ఒక్కో పూటలో ఒక్క పనికే చోటున్నప్పుడు ఎవరితో గడపాలన్నది కూడా ఆటే. పరీక్షలు దగ్గరికొస్తున్నాయని తెలిసి కూడా స్నేహితుల పుట్టినరోజుకు పోయే హాస్టల్ పిల్లలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2010 నాటి ‘మాస్ ఎఫెక్ట్ 2’. తిరిగి రాలేమేమో అన్న దాడికి ఓడ నిండా మనుషుల్ని కూడగడతాం. ఒక్కొక్కరికీ తీరని బాధ ఒకటి ఉంటుంది, అది తీర్చే మిషన్ ఒకటి ఉంటుంది. పేరుకు అవి సైడ్ మిషన్లే. ఎవరి పని తీర్చలేదో వాళ్ల మనసు దాడి రోజు నిలకడగా ఉండదు, వాళ్లు చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. అంతవరకూ తీరిక ఉంది. తర్వాత ‘రీపర్ ఐఎఫ్ఎఫ్’ అనే పరికరం ఓడలో పెట్టాక ఒకానొక ఘడియలో శత్రువులు ఓడ మీద పడి, పైలట్ తప్ప సిబ్బందినంతా ఎత్తుకుపోతారు. రోజూ పలకరించిన వంటాయన, డాక్టరమ్మ, ఎదురొచ్చి కబుర్లు చెప్పే కెల్లీ, అందరూ. ఓడలో నడిస్తే ఖాళీ కుర్చీలు. అక్కడి నుంచి ఆట చడీచప్పుడు లేకుండా లెక్కపెడుతుంది. వెంటనే బయలుదేరితే అందర్నీ కాపాడుకోవచ్చు. ఒకటి నుంచి మూడు మిషన్లు చేసి వెళ్తే సగం మంది పోతారు, కెల్లీ కళ్లముందే కరిగిపోతుంది. అంతకన్నా ఆలస్యం చేస్తే డాక్టర్ చాక్వాస్ ఒక్కతే మిగులుతుంది. తెరమీద గడియారం ఏదీ కనపడదు. పోయినవాళ్లు మనవాళ్లని మనకే తెలియాలి.

తీరిక ఇవ్వాల్సినంతసేపు ఇచ్చి, తొందర వచ్చినప్పుడు దాన్ని నిజం చేయడం. ఒకే ఆటలో రెండూ ఇంత పద్ధతిగా కుదరడం అరుదు.

లెవెళ్ల లెక్క

2000ల మధ్యలో తిరుపతి నెట్ సెంటర్లలో పెరిగినవాళ్లందరికీ ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’ తెలుసు. అది పూర్తి ఆర్పీజీ కాదు గానీ లెక్క నేర్చుకోవడానికి బాగుంటుంది. అంబులెన్స్ ఎక్కి 12 లెవెళ్లు రోగుల్ని ఆస్పత్రికి చేరిస్తే ప్రాణబలం చివరంటా పెరుగుతుంది. ఫైరింజన్‌తో 12 లెవెళ్లు మంటలార్పితే ఇక నిప్పు మనల్ని కాల్చదు. కానీ గంటకింత అని డబ్బు కట్టి కూర్చున్నవాడు అంబులెన్స్ ఎక్కడు. వెనక బెంచీ మీద ఇంకొకడు కాచుకుని ఉంటాడు, మనం దాచుకున్న ఆట (సేవ్) మీద వాడి సేవ్ పెట్టేస్తాడన్న భయం ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో మెయిన్ మిషన్లు చకచకా సాగేవి, చివర్లో కష్టమైనవి దాటలేక ఆగిపోయేవి. పక్క పని బలాన్నిస్తుంది, బలం పెద్ద పనికి కావాలి. ఆర్పీజీల్లో లెవెళ్ల సూత్రం అంతా ఇదే.

సూత్రం చిన్నదే, తూకం పెట్టడమే కష్టం. పక్క పనులకు ఎక్స్‌పీ, అంటే లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు, ఎక్కువిస్తే అన్నీ చేసినవాడు మెయిన్ మిషన్‌కు వచ్చేసరికి శత్రువులు ఈగల్లా రాలతారు. ‘విచర్ 3’లో సరిగ్గా ఇదే జరిగింది. మన లెవెల్ కన్నా బాగా కింద ఉన్న క్వెస్టులు లిస్టులో బూడిదరంగుకు మారి నామమాత్రపు ఎక్స్‌పీ ఇస్తాయి. తర్వాత శత్రువుల లెవెల్‌ను మనతోపాటు పెంచే ఆప్షన్ కూడా పెట్టారు. అసలు మొదటి నుంచే అందర్నీ మనతో పెంచితే? ‘ఆబ్లివియన్’ అలా చేసి చేతులు కాల్చుకుంది. మనం పెద్దవాళ్లమయ్యేకొద్దీ దారిదోపిడీ దొంగలు కూడా రాజులు తొడుక్కునే గాజు కవచాల్లో ఎదురొచ్చారు. ఇంతకాలం కష్టపడి ఎదిగినదానికి అర్థమే లేకుండా పోయింది.

దీనికి ఎదురు పద్ధతి గేటు కట్టడం. 2018 నాటి ‘అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’లో కథ ముందుకు పోవాలంటే ఫలానా లెవెల్ ఉండాలి, లేకపోతే శత్రువు ఒక్క దెబ్బతో పడగొడతాడు. లెవెల్ కోసం కోటలు, శిబిరాలు, కూలిపనుల్లాంటి క్వెస్టులు చేస్తూ పోవాలి. అదే ఆట దుకాణంలో ఎక్స్‌పీని శాశ్వతంగా పెంచే బూస్టును డబ్బుకు అమ్మారు. సైడ్ క్వెస్టు విసుగు పుట్టించేలా ఉండటం వల్ల అమ్మేవాడికి లాభం వచ్చే ఏర్పాటు అది. ఆట తయారీలో ఇంతకన్నా చెడ్డ పొత్తు నాకు తోచదు. ఫోన్లలో ఆడే ‘జెన్‌షిన్ ఇంపాక్ట్’లోనూ కథ అధ్యాయాలకు అడ్వెంచర్ ర్యాంక్ గేట్లున్నాయి, రోజుకు నాలుగు చిన్న పనులు, 8 నిమిషాలకొకటి చొప్పున ఊరే, బహుమతుల కోసం ఖర్చుపెట్టే రెజిన్ అనే శక్తి. అక్కడ గడియారం కథది కాదు, కంపెనీది. తరగతి గదిలో వెనక బెంచీ పిల్లలు రెజిన్ నిండిపోతోందని ఫోన్ తీయడం చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

మ్యాప్ నిండా గుర్తులు

2014 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్’లో మొదట చేరే పెద్ద ప్రాంతం హింటర్‌ల్యాండ్స్. అక్కడ శరణార్థులకు మాంసం, దుప్పట్లు తేవడం మొదలుకొని లెక్కలేనన్ని పనులు ఉంటాయి. చాలామంది అక్కడే పదుల గంటలు కూరుకుపోయి, అసలు కథ ఎంత బాగుందో చూడకుండానే ఆట మానేశారు. ‘హింటర్‌ల్యాండ్స్ వదిలి బయటపడండి’ అన్నది ఆ ఆట గురించి ఆటగాళ్లు ఒకరికొకరు ఎక్కువగా చెప్పుకున్న సలహా. మెయిన్ మిషన్ తెరుచుకోవడానికి ‘పవర్’ పోగేయాలి, పవర్ పక్క పనుల్లో వస్తుంది. లెక్క ప్రకారం సరైనదే, కానీ ఇక చాలు, ముందుకు పో అని ఆట ఎక్కడా చెప్పలేదు. ‘విచర్ 3’లో స్కెలిగె అనే దీవుల చుట్టూ సముద్రం మీద తేలే ప్రశ్నార్థకాలూ అంతే. పడవలో పోవడం, దొంగసరుకు మూటలు తీయడం, మళ్లీ పోవడం.

‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో లోకమంతా దాచిపెట్టిన 900 కొరోక్ గింజలున్నాయి. ఆయుధాలు మోసే సంచులన్నీ పెంచుకోవడానికి 441 చాలు. మిగిలినవి ఎవరు ఏ దిక్కుకు పోయినా ఎన్నోకొన్ని దొరకాలని చల్లినవే అనిపిస్తుంది. మొత్తం 900 ఏరినవాళ్లకు దక్కేది బంగారు రంగు పేడముద్ద లాంటి వస్తువు. అన్నీ ఏరమని మేం అడగలేదు అని ఆటే చెప్పినట్టు. మ్యాప్ మీద వాటికి గుర్తులు కూడా ముందుగా పెట్టలేదు. చెట్టు మీద ఏదో తేడాగా ఉందే అని కన్ను పడ్డవాడికే అవి దొరుకుతాయి. గుర్తు చూసి పోవడం వేరు, కన్ను పడి పోవడం వేరు. మొదటిది పనిలా ఉంటుంది.

బాధ ఎక్కడ తెలుస్తుంది

గెరాల్ట్‌కు బాధ లేదా అన్న ప్రశ్నకు ‘విచర్ 3’ ఇచ్చే జవాబు గ్వెంట్ బల్ల దగ్గర దొరకదు, వెలెన్ అనే ప్రాంతంలో బ్లడీ బారన్ దగ్గర దొరుకుతుంది. తాగి పెళ్లాన్ని కొట్టిన దొర ఆయన. భార్యా కూతురూ ఇల్లు వదిలి పోయారు. వాళ్లను వెతికిపెడితే సిరి గురించి తెలిసింది చెబుతానంటాడు. లిస్టులో అది మెయిన్ క్వెస్టే, నడక మాత్రం ఒక ఇంటి గొడవలా ఉంటుంది. కూతుర్ని వెతుక్కునే తండ్రి, ఇంకో తండ్రి కూతురి కోసం ఊళ్లు పట్టి తిరుగుతాడు. మధ్యలో ఒక చెట్టు వేళ్ల కింద బందీగా ఉన్న ఆత్మను వదలాలా చంపాలా అన్న నిర్ణయం వస్తుంది. దారిన పోతూ తీసుకున్న ఆ నిర్ణయాన్ని బట్టే ఆ దొర భార్య గతీ, ఆ దొర గతీ మారిపోతాయి. ఏది సైడ్, ఏది మెయిన్ అని విడదీయబోతే రెండూ చిరుగుతాయి. ‘సైబర్‌పంక్’ కూడా ఇక్కడ తన తప్పు కొంత దిద్దుకుంది. పానమ్ అనే తోటి పాత్రతో స్నేహం పక్క పనుల్లోనే ముదురుతుంది. ఆ స్నేహం లేకపోతే ఎడారి దారిన పోయే ముగింపు మనకు తెరుచుకోదు.

ఇన్ని చదివాక ‘మరి ఎలా ఆడాలి’ అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. కథ ఊపిరి తీసుకున్నచోట సైడ్ క్వెస్టులు చేయండి. ఒక పెద్ద పోరు ముగిసింది, కొత్త ఊరికి చేరారు, ‘కబురు వచ్చేదాకా ఆగు’ అని ఎవరైనా అన్నారు, అదే టైము. పాత్ర ఊపిరి బిగబట్టినచోట కథతోనే పోండి, లెవెల్ కాస్త తక్కువైనా డిఫికల్టీ దించుకుని పోండి. ‘ఇక్కడి నుంచి వెనక్కి రాలేవు’ అని ఆట హెచ్చరించే చోట ఆగి లిస్టు చూసుకోండి. ‘విచర్ 3’లో ఐల్ ఆఫ్ మిస్ట్స్ అనే దీవికి పోయేముందు ఆ హెచ్చరిక వస్తుంది. రాజు రాడొవిడ్ మీద కుట్ర నడిపే క్వెస్టులు అప్పటికి ముగించకపోతే పోయినట్టే, యుద్ధం ఎవరు గెలుస్తారన్నది వాటిమీదే ఉంది. పెనాలూ మూటలూ మిగిలిపోయినా కొంపలేం మునగవు.

ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఒక గంట దొరికేవాళ్లు వంద గంటల మ్యాప్‌ను తుడవాలని కూర్చోవద్దు. వాళ్లకు ‘మాస్ ఎఫెక్ట్ 2’ చక్కగా సరిపోతుంది, చాలా మిషన్లు ఒక రాత్రికి ఒకటి చొప్పున అయిపోతాయి. మొదలుపెడితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఐఎఫ్ఎఫ్ కోసం పోయేముందే దొరికినవాళ్లందరి పనులూ తీర్చేయండి. ఆ తర్వాత చేరే లీజియన్ అనే రోబోను వెంటనే మేల్కొలిపి వాడి మిషన్ కూడా చేసేయండి. ఓడ ఖాళీ అయ్యాక ఇంకే గ్రహం వైపూ చూడకుండా నేరుగా చివరి దాడికి దారి అయిన ఓమెగా 4 రిలే దాటండి.